టైమ్‌లైన్‌లో ఫ్రేమ్ రేటు: సాఫ్ట్‌వేర్ అడిగే ప్రశ్న వెనుక లెక్క

సంక్షిప్తంగా: ఫ్రేమ్ రేటు అంటే సెకనుకు ఎన్ని చిత్రాలు (ఫ్రేములు) అన్న లెక్క, టైమ్‌లైన్ అంటే ఎడిటింగ్‌లో క్లిప్పులను వరసగా పేర్చే పట్టీ. క్లిప్ ఫ్రేమ్ రేటు, టైమ్‌లైన్ ఫ్రేమ్ రేటు వేరైనప్పుడు ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్ రెండిట్లో ఒకదాన్నే కాపాడగలదు. క్లిప్ నిడివి కాపాడితే ఫ్రేములు పోతాయి లేదా రెండుసార్లు కనబడతాయి. ఫ్రేములన్నీ కాపాడితే నిడివి మారుతుంది, దానితో పాటు ధ్వని కూడా. జర్క్ (కదలిక తడబడటం), లిప్ సింక్ (పెదవులకీ మాటకీ పొత్తు) తప్పడం, స్లో మోషన్ సరిగా రాకపోవడం లాంటి ఇబ్బందుల్లో చాలావరకు ఇక్కడే పుడతాయి. టైమ్‌లైన్ రేటు నిర్ణయించాల్సింది మొదట పడిన క్లిప్ కాదు, వీడియో చివరికి ఎక్కడ ఆడుతుందన్న విషయం.

ఒక పెళ్లి వీడియో తీసుకుందాం. రెండు పెద్ద కెమెరాలు సెకనుకు 25 ఫ్రేములతో తీశాయి. డ్రోన్ 30లో ఉంది. తలంబ్రాల ఘట్టాన్ని ఒకరు ఫోన్‌లో 60లో తీశారు. అమెరికా నుంచి వచ్చిన బంధువు తన ఫోన్‌లో 30లో తీసిన క్లిప్పులు వాట్సాప్‌లో పంపారు. ఇవన్నీ ఒకే ప్రాజెక్టులోకి వచ్చాయి. మొదటి క్లిప్ టైమ్‌లైన్ మీద వేయగానే సాఫ్ట్‌వేర్ ఒక డబ్బా చూపిస్తుంది: క్లిప్ సెట్టింగ్స్ సీక్వెన్స్ (టైమ్‌లైన్) సెట్టింగ్స్‌తో కలవడం లేదు, మార్చమంటారా, ఉన్నవే ఉంచమంటారా?

పని తొందరలో ఏదో ఒకటి నొక్కేయడం మామూలే. దాని ఫలితం వారం తర్వాత, మొత్తం రెండర్ అయ్యాక (అంటే పూర్తి వీడియో ఫైలుగా తయారయ్యాక), పెద్ద టీవీలో చూస్తున్నప్పుడు కనబడుతుంది. డ్రోన్ షాట్ మెత్తగా సాగాల్సింది పోయి అక్కడక్కడ తడబడుతుంది. పురోహితుడి పెదవులు ముందు కదిలి, మంత్రం తర్వాత వినబడుతుంది. అప్పటికి ఆ డబ్బా ఎవరికీ గుర్తుండదు కాబట్టి తప్పు కెమెరాదో కంప్యూటర్‌దో అనిపిస్తుంది.

## 24, 25, 29.97: ఈ అంకెలు ఎక్కడివి

మూకీల కాలంలో కెమెరాను చేత్తో తిప్పేవారు. వేగం నిలకడగా ఉండేది కాదు. 1920ల చివర్లో శబ్దం వచ్చాక ఆ స్వేచ్ఛ పోయింది. శబ్దం ఫిల్మ్ అంచునే ముద్రించి ఉంటుంది కనుక, వేగం మారితే స్వరమే మారిపోతుంది. అలా 24 స్థిరపడింది. థియేటర్లకు వెళ్లే డిజిటల్ ప్రింట్లకూ నేటికీ ప్రధానంగా అదే ప్రమాణం.

టీవీ మాత్రం కరెంటు మీద ఆధారపడి పుట్టింది. అమెరికాలో సరఫరా 60 హెర్ట్జ్, అందుకని అక్కడ 30 ఫ్రేములు. యూరప్‌లోనూ మన దేశంలోనూ 50 హెర్ట్జ్, అందుకని 25. దూరదర్శన్ 1982లో రంగుల్లోకి మారినప్పుడు తీసుకున్న పాల్ (PAL) ప్రసార పద్ధతి ఈ 25 దారిదే. తెలుగు టీవీ చానళ్ల ప్రసారమూ ఆ బాటలోనే ఉంది.

29.97 అనే వింత అంకె 1953లో వచ్చింది. అమెరికా నలుపు తెలుపు ప్రసారానికి రంగు జోడించినప్పుడు, రంగును మోసే సంకేతం ధ్వనిని మోసే సంకేతంతో కలబడి తెర మీద గీతల్లా కనబడే ప్రమాదం వచ్చింది. దాన్ని తప్పించడానికి ఫ్రేమ్ రేటును వెయ్యింట ఒక వంతు తగ్గించారు. 30 కాస్తా 29.97 అయింది. సినిమాను ఆ ప్రసారంలోకి తెచ్చేటప్పుడు 24 కూడా అదే నిష్పత్తిలో తగ్గి 23.976 అయింది. ఆనాటి టీవీ సెట్లు మూలపడ్డాయి, ఆ ప్రసార పద్ధతీ పోయింది. ఆ అంకెలు మాత్రం నేటి కెమెరా మెనూల్లో చెక్కుచెదరకుండా ఉన్నాయి. చాలా కెమెరాలు 24 అని చూపిస్తూ లోపల 23.976 రాస్తాయి. ఫోన్లు 30 అని మొదలుపెట్టడం కూడా అమెరికా బాట నుంచి వచ్చిన అలవాటే.

## నిడివి కావాలా, ఫ్రేములు కావాలా

టైమ్‌లైన్ అంటే సమానమైన గళ్లున్న పట్టీ. 25 టైమ్‌లైన్‌లో సెకనుకు 25 గళ్లు. ఒక్కో గడిలో ఒకే చిత్రం పడుతుంది, గడి సగం నిండే వీలు లేదు. 30 ఫ్రేముల క్లిప్ ఆ పట్టీ మీదకి వస్తే సాఫ్ట్‌వేర్ ముందు రెండు దారులున్నాయి.

మొదటిది, సెకను సెకనుగానే ఉంచడం. పది సెకన్ల క్లిప్ పది సెకన్లే ఉంటుంది. 300 ఫ్రేముల్లో 250కే చోటు కనుక ప్రతి ఆరింటిలో ఒకటి పోతుంది. ధ్వనికి ఏమీ కాదు. దాదాపు అన్ని సాఫ్ట్‌వేర్లూ అడగకుండానే చేసే పని ఇది.

రెండోది, ప్రతి ఫ్రేముకూ ఒక గడి ఇవ్వడం. 300 ఫ్రేములూ ఉంటాయి, కానీ 12 సెకన్లు పడతాయి. కదలిక నెమ్మదిస్తుంది, ధ్వనిని కలిపి సాగదీస్తే గొంతు బొంగురుపోతుంది. ప్రీమియర్ ప్రోలో ఇంటర్‌ప్రెట్ ఫుటేజ్ అనేది, డావించీ రిజాల్వ్‌లో క్లిప్ యాట్రిబ్యూట్స్‌లో ఫ్రేమ్ రేటు మార్చడం ఈ రెండో దారి.

రెండూ అవసరమే. తికమక ఎక్కడంటే, ఒకటి కావాల్సిన చోట రెండోది చేయడం. ధ్వనితో ఉన్న ఇంటర్వ్యూను ఇంటర్‌ప్రెట్ చేస్తే సింక్ పోతుంది. స్లో మోషన్ కోసం తీసిన క్లిప్‌ను అలా వదిలేస్తే తీసిన ఫ్రేముల్లో సగానికి పైగా చెత్తబుట్ట పాలవుతాయి.

రెండో దారి ఒకప్పుడు టీవీలో రోజూ నడిచేది. 24లో తీసిన సినిమాను పాల్ ప్రసారంలో 25గా ఆడించేవారు. రెండున్నర గంటల సినిమా 144 నిమిషాల్లో అయిపోయేది. ఆరు నిమిషాలు తగ్గాయని ప్రేక్షకుడికి తెలియదు. కానీ ధ్వనిని విడిగా సరిచేయకపోతే పాట శ్రుతి అర స్వరానికి కాస్త తక్కువగా పెరుగుతుంది. సంగీతం తెలిసిన చెవి పట్టేస్తుంది.

## జర్క్ ఎప్పుడు కనబడుతుంది, ఎప్పుడు కనబడదు

రేటు కలవని ప్రతిచోటా జర్క్ రాదు. కంటికి ఇబ్బంది ఫ్రేములు తగ్గడం వల్ల కన్నా, తగ్గడంలో సమానత లేకపోవడం వల్ల ఎక్కువ.

60 క్లిప్‌ను 30 టైమ్‌లైన్ మీద వేస్తే ఒకటి విడిచి ఒకటి పోతుంది. దూకుళ్లన్నీ సమానం, కదలిక నునుపుగానే ఉంటుంది. 50ని 25 మీద వేసినా అంతే. కానీ 60ని 24 మీద వేస్తే ఒక అడుగు రెండు ఫ్రేములది, తర్వాతి అడుగు మూడు ఫ్రేములది అవుతుంది. మెట్లలో ఒకటి పొట్టిగా, ఒకటి పొడుగ్గా ఉంటే ఎక్కేవాడికి ఎలా ఉంటుందో కంటికి అలా ఉంటుంది. 30ని 25 మీద వేస్తే సెకనుకు అయిదు దూకుళ్లు. 25ని 30 మీద వేస్తే సెకనుకు అయిదు ఫ్రేములు రెండేసిసార్లు కనబడతాయి, అంటే అయిదు చిన్న ఆగుళ్లు. 24ని 25 మీద వేస్తే సెకనుకు ఒక్క ఫ్రేమే రిపీట్ అవుతుంది. అది తక్కువే అయినా ఒక లయలో వస్తుంది కాబట్టి కెమెరాను పక్కకి తిప్పుతూ నిదానంగా తీసే పాన్ షాట్‌లో గుండె కొట్టుకున్నట్టు కనిపిస్తుంది.

ఇక 29.97ని 30 మీద వేయడం గురించి టెన్షన్ పడాల్సిన పని లేదు. సుమారు 33 సెకన్లకు ఒక ఫ్రేమ్ రిపీట్ అవుతుంది, ఎవరికీ తెలియదు. కుర్చీలో కూర్చుని మాట్లాడే మనిషి షాట్‌లో 30కి, 25కి మధ్య తేడా కూడా దాదాపు కనబడదు. తేడా బయటపడేది డ్రోన్, పాన్, ఊరేగింపు, తెర అడుగున పాకే అక్షరాలు లాంటి నిలకడైన కదలికలోనే. సమయం తక్కువగా ఉన్నప్పుడు ముందు చూసుకోవాల్సినవి ఇవి.

ఫ్రేములు పోయిన చోట సాఫ్ట్‌వేర్‌తో కొత్తవి కల్పించే పద్ధతులున్నాయి. ఫ్రేమ్ బ్లెండింగ్ పక్కపక్క చిత్రాలను కలిపి ఒకటి చేస్తుంది. జర్క్ తగ్గుతుంది గానీ కదిలే వస్తువు వెంట నీడ పడుతుంది. ఆప్టికల్ ఫ్లో కదలికను అంచనా వేసి మధ్య చిత్రాన్ని కొత్తగా గీస్తుంది. రోడ్డు మీద ఒక కారు వెళ్తున్న షాట్‌కి అద్భుతంగా పనిచేస్తుంది. కానీ దానికి ఏ చుక్క ఎటు పోయిందో తెలియాలి. తలంబ్రాలు పోసుకునేటప్పుడు వందల గింజలు ఒకదాన్నొకటి దాటుకుంటూ పడతాయి. అక్షింతలూ టపాకాయల మెరుపులూ అంతే. అక్కడ గింజలు జిగురులా సాగి, వెనకున్న ముఖం అంచులు కూడా వంకరపోతాయి. ఇలాంటి ఘట్టాలను తీసేటప్పుడే ఎక్కువ ఫ్రేములతో తీసుకోవడం ఒక్కటే నమ్మదగ్గ మార్గం.

## పెదవులు ముందు, మాట వెనక

వెయ్యింట ఒక వంతు తేడా చిన్నదే అనిపిస్తుంది. 23.976లో తీసిన బొమ్మను 24గా ఆడించి, విడిగా రికార్డు చేసిన ధ్వనిని అలాగే ఉంచితే గంటకు 3.6 సెకన్లు జారుతుంది. రెండున్నర గంటల సినిమాకి 9 సెకన్లు. అంతదాకా ఆగక్కర్లేదు. మాట ఆలస్యంగా వినబడితే దాదాపు 125 మిల్లీసెకన్ల దగ్గర చూసేవారికి తెలియడం మొదలవుతుందని ప్రసార రంగంలో ఒక లెక్క ఉంది. మాట ముందే వచ్చేస్తే ఓర్పు ఇంకా తక్కువ, 45 మిల్లీసెకన్లకే తెలుస్తుంది. వెయ్యింట ఒక వంతు చొప్పున జారే ధ్వని ఆ 125 మిల్లీసెకన్లను రెండు నిమిషాలు దాటగానే దాటేస్తుంది. పాట ఒకటి పూర్తయ్యే లోపే అన్నమాట.

సింక్ పోయినప్పుడు జారుడు తీరు చూస్తే జబ్బు తెలుస్తుంది. మొదట ఎంత తేడా ఉందో చివర కూడా అంతే ఉంటే రేటుతో సంబంధం లేదు, ధ్వని క్లిప్‌ను సరైన చోట పెట్టలేదు. మొదట సరిగా ఉండి పోనుపోను సమానంగా పెరుగుతుంటే ఎక్కడో ఫ్రేమ్ రేటు తప్పుగా చదివారు. కాసేపు పెరిగి, కాసేపు తగ్గి, మళ్లీ పెరుగుతుంటే అనుమానించాల్సింది ఫోన్ క్లిప్‌ను.

ఫోన్లు 30 అని చెప్పినా కచ్చితంగా 30 తీయవు. వెలుతురు తగ్గితే ఒక్కో ఫ్రేమ్‌కి ఎక్కువ సమయం తీసుకుంటాయి. వేడెక్కితే కొన్ని వదిలేస్తాయి. స్క్రీన్ రికార్డింగ్‌లో తెర మారనప్పుడు కొత్త ఫ్రేమ్ రాయకపోవచ్చు కూడా. ప్రతి ఫ్రేమ్‌కీ అది ఏ క్షణానిదో గుర్తు వేసి దాస్తాయి కాబట్టి ఫోన్‌లో ఆడినప్పుడు బాగానే ఉంటుంది. దీన్నే వేరియబుల్ ఫ్రేమ్ రేట్ అంటారు. సమాన గళ్ల పట్టీకి ఇది పడదు. కొత్త వెర్షన్లు దీన్ని మునుపటికన్నా బాగా సంభాళిస్తున్నాయి గానీ, గంట సేపటి ప్రసంగాన్నో వ్రతాన్నో ఫోన్‌లో తీసినప్పుడు వాటి మీదే భారం వేయడం మంచిది కాదు. మీడియాఇన్ఫో అనే ఉచిత టూల్‌లో ఫైల్ తెరిస్తే ఫ్రేమ్ రేట్ మోడ్ స్థిరమైనదా, మారేదా అని రాసి ఉంటుంది. మారేదైతే వీడియో ఫైళ్లను మార్చే హ్యాండ్‌బ్రేక్ సాఫ్ట్‌వేర్‌లో కాన్‌స్టంట్ (స్థిరమైన) ఫ్రేమ్‌రేట్ ఎంచుకుని మార్చుకున్నాకే టైమ్‌లైన్ మీద వేయాలి. ఈ పని ఎడిటింగ్ మొదలుపెట్టక ముందు చేస్తే పది నిమిషాలది. కట్ చేశాక చేయాలంటే ప్రతి కట్ మళ్లీ చూసుకోవాలి.

29.97తో పనిచేసేవారికి ఇంకో చిక్కుంది, డ్రాప్ ఫ్రేమ్ టైమ్‌కోడ్. పేరు చూసి ఫ్రేములు పోతాయని భయపడతారు. పోయేవి ఫ్రేములు కావు, వాటి మీద వేసే నంబర్లు. గడియారంతో కలవడానికి ప్రతి నిమిషం మొదట్లో రెండు నంబర్లు దాటేస్తారు, పదో నిమిషానికి మాత్రం దాటరు. గంటకు 108 నంబర్లు. బొమ్మలో ఒక్కటీ తగ్గదు. 25లో పనిచేసేవారికి ఈ బాధే లేదు.

## స్లో మోషన్: ఇక్కడ లెక్క తిరగబడుతుంది

ఎక్కువ ఫ్రేములతో తీసినప్పుడు నిడివి పెరగడమే కావాలి. 50లో తీసింది 25 టైమ్‌లైన్‌లో సరిగ్గా సగం వేగానికి వస్తుంది. 100లో తీస్తే నాలుగో వంతు. 120లో తీసింది 24 టైమ్‌లైన్‌లో అయిదో వంతు. 60లో తీసింది 24లో 40 శాతం, 30లో 50 శాతం. ఈ వేగాల వరకు ప్రతి ఫ్రేమూ నిజంగా కెమెరా చూసిందే. అంతకంటే తగ్గిస్తే సాఫ్ట్‌వేర్ రిపీట్ చేయాలి లేదా ఊహించి గీయాలి.

60 క్లిప్‌ను 25 టైమ్‌లైన్ మీద పెట్టి వేగం 50 శాతం అని కొడితే చాలామందికి జర్క్ వస్తుంది, ఎందుకో తెలియదు. సగం వేగంలో దానికి సెకనుకు 30 ఫ్రేములున్నాయి, గళ్లు 25. మళ్లీ అదే ఆరింటిలో ఒకటి పోయే లెక్క. ఇంటర్‌ప్రెట్ ఫుటేజ్‌లో 25 అని చెబితే ఏదీ పోదు. వేగం దాదాపు 41.7 శాతానికి వస్తుంది. చూసేవారికి 50కి, 42కి తేడా తెలియదు, నునుపుదనం మాత్రం తెలుస్తుంది.

## కల్యాణ మండపం లైట్లు

ఫ్రేమ్ రేటు ఎంచుకునేటప్పుడు ఎడిటింగ్ టేబుల్ దగ్గర మరిచిపోయేది కరెంటు. మన దగ్గర 50 హెర్ట్జ్ సరఫరా మీద వెలిగే మామూలు లైట్లు సెకనుకు వందసార్లు ఎగసి తగ్గుతాయి. కెమెరా షటర్, అంటే ఒక్కో ఫ్రేముకి వెలుతురు పడే సమయం, సెకనులో 1/50 లేదా 1/100 వంతు ఉంటే ప్రతి ఫ్రేములోనూ ఆ ఎగుడుదిగుళ్లు పూర్తిగా ఇమిడిపోతాయి. 1/60 పెడితే ఒక ఫ్రేమ్‌లో కాస్త ఎక్కువ వెలుతురు, ఇంకోదానిలో తక్కువ పడుతుంది. గోడ మీద నల్లటి చారలు పాకుతాయి. దీన్ని ఎడిటింగ్‌లో పూర్తిగా తీసేయడం కష్టం.

25 ఫ్రేములు, 1/50 షటర్ అనే జోడీ మన మండపాల్లో అందుకే నిలబడింది. 30లోనే తీయాల్సి వస్తే షటర్ 1/50కో 1/100కో పెట్టినా లైట్ల గొడవ ఉండదు. అదే కెమెరాను అవే సెట్టింగ్స్‌తో డల్లాస్‌లోనో న్యూజెర్సీలోనో తెలుగు వాళ్ల వేడుకకి తీసుకెళ్తే పరిస్థితి తలకిందులు. అక్కడ 60 హెర్ట్జ్, 1/50 పెడితే చారలొస్తాయి. 1/60 లేదా 1/120కి మారాలి. ఐఫోన్‌లో మన కరెంటుకి సరిపోయే 25 ఫ్రేములు కావాలంటే కెమెరా సెట్టింగ్స్‌లో రికార్డ్ వీడియో కింద పాల్ ఫార్మాట్లు చూపించమనే మీట ఉంటుంది. దాన్ని ఆన్ చేయాలి.

## టైమ్‌లైన్ రేటు ఎలా తేల్చాలి

థియేటర్‌కి వెళ్లే సినిమాకి 24. 23.976 కాదు, కచ్చితంగా 24. కెమెరాలో ఆ రెండూ విడిగా ఉంటే షూటింగ్ మొదటి రోజే సరైనది పెట్టుకోవాలి. షార్ట్ ఫిల్మ్‌ని ముందు యూట్యూబ్ కోసమనుకుని 23.976లో తీసి, తర్వాత థియేటర్ ప్రదర్శనకి ఇవ్వాల్సి వస్తే బొమ్మనీ ధ్వనినీ కలిపి వెయ్యింట ఒక వంతు వేగం పెంచాలి. రెండూ కలిసి మారితేనే సింక్ నిలుస్తుంది. టీవీ చానల్‌కి ఇచ్చేదైతే 25.

యూట్యూబ్‌కీ ఫోన్ తెరలకీ ఇంత కచ్చితమైన జవాబు లేదు. 24, 25, 30, 48, 50, 60 అన్నీ యూట్యూబ్ తీసుకుంటుంది, ఏ రేటులో తీశారో అదే రేటులో ఎక్కించమంటుంది. అయితే చాలా ఫోన్ల, మానిటర్ల తెర సెకనుకు 60 సార్లు మారుతుంది. 30 అందులో సమంగా పడుతుంది, ఒక్కో ఫ్రేమ్ రెండుసార్లు. 25 పడదు, కొన్ని ఫ్రేములు రెండుసార్లు, కొన్ని మూడుసార్లు కనబడాలి. అంటే పూర్తిగా ఫోన్‌తో తీసి, ఫోన్‌లోనే చూసే రీల్స్‌కి 30 సరైన ఎంపిక. 25 అన్నిచోట్లా మంచిదన్న మాట అక్కడ చెల్లదు. పెళ్లి వీడియో లాంటి వాటికి, ప్రధాన కెమెరాలు 25లో ఉంటే టైమ్‌లైన్ 25 ఉండాలి. పక్క కెమెరాలే దానికి సర్దుకోవాలి. మూడు గంటల ప్రధాన కెమెరా ఫుటేజ్‌ని నాలుగు నిమిషాల డ్రోన్ షాట్ల కోసం పాడుచేయడంలో అర్థం లేదు. ఆ డ్రోన్ షాట్లను ఇంటర్‌ప్రెట్ చేసి 25గా మార్చితే కొంచెం నెమ్మదిస్తాయి. వాటికి ధ్వని ఉండదు, నెమ్మదిస్తే ఇంకా అందంగానే ఉంటాయి.

నిర్ణయం క్లిప్ వేయక ముందే జరగాలనడానికి సాఫ్ట్‌వేర్ కూడా ఒక కారణం. ఫైనల్ కట్ ప్రో మొదటి క్లిప్‌ను చూసి రేటు ఖాయం చేసుకుంటుంది, క్లిప్పులు పడ్డాక మార్చనివ్వదు. డావించీ రిజాల్వ్‌లో ప్రాజెక్టు రేటు మీడియా చేరాక తాళం పడుతుంది. వెర్షన్ 16 నుంచి కొత్త టైమ్‌లైన్‌కి వేరే రేటు ఇవ్వొచ్చు గానీ, అది టైమ్‌లైన్ తయారుచేసేటప్పుడే చెప్పాలి. మొదట చేతికందిన క్లిప్ ఫోన్‌దైతే పెళ్లి మొత్తం 30కి మారిపోయే ప్రమాదం ఇక్కడుంది.

## సగం పనయ్యాక తెలిస్తే

ఇలాంటప్పుడు చాలామంది చేసే పని, ఎక్స్‌పోర్ట్ డబ్బాలో రేటు మార్చేయడం. దానివల్ల నష్టం రెట్టింపవుతుంది. 30 క్లిప్ 25 టైమ్‌లైన్‌లో ఇప్పటికే సెకనుకు అయిదు ఫ్రేములు కోల్పోయింది. దాన్ని 30గా ఎక్స్‌పోర్ట్ చేస్తే పోయినవి తిరిగిరావు, ఉన్నవాటిలో అయిదు రిపీట్ అవుతాయి. దూకుడు, ఆగుడు రెండూ ఒకే షాట్‌లో చేరతాయి. అన్నీ 30లో తీసి 30లోనే ఇచ్చిన వీడియోలో కూడా జర్క్ వస్తే కారణం తరచుగా ఇదే, మధ్యలో టైమ్‌లైన్ 25లో ఉంది. ఒక సీక్వెన్స్‌ను ఇంకో సీక్వెన్స్‌లో పెట్టే నెస్టింగ్‌లోనూ ఇలాగే జరుగుతుంది. బయటిది సరిగా ఉంటుంది, లోపలిది వేరే రేటులో దాక్కుని ఉంటుంది.

సరైన రేటుతో కొత్త టైమ్‌లైన్ తెరిచి, పాతదాన్లోని క్లిప్పులను కాపీ చేసుకోవడం మేలైన దారి. అప్పుడు ప్రతి క్లిప్ మళ్లీ అసలు ఫైల్ నుంచే ఫ్రేములు తెచ్చుకుంటుంది. కట్‌లు పాత గళ్ల నుంచి దగ్గర్లోని కొత్త గళ్లకి జరుగుతాయి, కనుక కొన్నిచోట్ల ఒక ఫ్రేమ్ పక్క షాట్‌ది తొంగి చూస్తుంది లేదా నల్ల ఫ్రేమ్ మెరుస్తుంది. బీట్‌కి కట్ చేసిన పాటలో ఒక్కో కట్ వినికిడితో సరిచూసుకోవాలి. వేగం మార్చిన క్లిప్పులూ కీఫ్రేములూ (మార్పు ఎక్కడ మొదలై ఎక్కడ ముగియాలో చెప్పే గుర్తులు) విడిగా చూడాలి. రెండు నిమిషాల టీజర్‌కైతే ఇది ఒక సాయంత్రం పని. రెండు గంటల వీడియోలో ఎడిటింగ్ మొత్తం అయిపోయి, తేడా ఇంటర్వ్యూల్లాంటి కదలిక లేని షాట్లలోనే ఉంటే పాత టైమ్‌లైన్‌లోనే పూర్తిచేసి, అదే రేటులో ఎక్స్‌పోర్ట్ చేయడం తక్కువ నష్టం.